పదకొండో ప్రశ్న

లైబ్రరీ వెనక గది, మిషను పక్కనున్న బల్ల
జూన్ 9

వదినకి,

నీ ఏకైక ఆడపడుచు, అంటే నిన్ను సాధించే హక్కు పూర్తిగా ఉండి కూడా ఇన్నేళ్ళూ వాడుకోని మహాతల్లి, రాస్తున్నది.

ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తుతాడు. ఎత్తి, వీధి చివరిదాకా వినపడేలా "హలో" అని అరిచి, నేను నోరు తెరిచేలోపే "ఏం వినపడట్లేదు" అని పెట్టేస్తాడు. నీకేమో చెవికి మిషను పెట్టుకోవాలంటే నామోషీ. మీ ఇద్దరి పుణ్యమా అని ఈ వయసులో మళ్ళీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను.

విశేషం విను. మమ్మల్ని మున్సిపాలిటీ గుర్తించింది!

మా అతుకుల బృందం గురించి నీకు ముక్కలుముక్కలుగా చెప్పానే గానీ పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నా కుట్టుకొట్టు మూసేశాక రెండు నెలలు ఇంట్లో గోడలతో మాట్లాడాను. గోడలు విసుక్కోలేదు గానీ నాకే విసుగొచ్చింది. ఈ లైబ్రరీ వెనక గది ఖాళీగా ఉందని తెలిసి, కుట్టుమిషను తెచ్చి ఇక్కడ పడేశాను. ఇప్పుడు ముప్ఫై ఒక్కమందిమి. చిరిగిన చొక్కాలు, జిప్పు పోయిన సంచులు, ఊచ విరిగిన గొడుగులు, కాలు ఊగే కుర్చీలు, ఎవరేం తెచ్చినా బాగుచేసి పంపుతాం. మా చేతులు పనిలో ఉంటే ఒకరు పుస్తకం పైకి చదువుతారు. నిజం చెప్పనా, ఈ గది లేకపోతే నేనేమైపోయేదాన్నో నాకే తెలీదు.

లైబ్రరీకి మాత్రం మూడేళ్ళుగా కోత మీద కోత. మొదట సాయంత్రాలు తెరవడం మానేశారు. తర్వాత పత్రికలు ఆపేశారు. లైబ్రేరియన్ని మూడు శాఖలకి పంచారు, మా వాటాకి ఆవిడ బుధవారం వస్తుంది. మిగిలింది అటెండరు ఒక్కరే. గోడ మీద "నిశ్శబ్దం" అని బోర్డు, దానికింద స్టూలు మీద ఆయన. ఆయన నోరు విప్పి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు కాబట్టి పేరు కూడా నిశ్శబ్దం గారు అయిపోయింది. ఒళ్ళో తాళాలగుత్తి పెట్టుకుని కూచుంటారు. పనంతా మాదే. నేను ఊడుస్తాను. రిటైరైన నర్సమ్మ తడిగుడ్డ పెడుతుంది. లెక్కల మాస్టారు పుస్తకాలు సర్దుతారు. మర్నాటికల్లా అవి మళ్ళీ కలగాపులగం అయిపోతాయి, ఈ జనానికి చదవడం వచ్చుగానీ పెట్టడం రాదని మాస్టారు రోజూ చిరాకుపడతారు. బస్సులు నడిపి రిటైరైన డ్రైవరు గారు ఫ్యాన్లూ పంపులూ చూసుకుంటారు.

ఇన్నాళ్ళకి మున్సిపాలిటీ నుంచి నాలుగు పేజీల ఫారం వచ్చింది. పన్నెండు ప్రశ్నలు. పదకొండోది చూడు: "గ్రంథాలయ నిర్వహణలో సభ్యులు స్వయంగా చేస్తున్న పనులను వివరంగా రాయండి." వివరంగా అన్నారు కదా అని రెండు పేజీలు రాశాను. ఇచ్చిన జాగా చాలక విడిగా కాగితం కుట్టాను. అవును, మిషను మీదే కుట్టాను. ఇన్నేళ్ళు మున్సిపల్ ఆఫీసులో పనిచేసినదానివి, నీకు తెలిసే ఉంటుంది, ఇలాంటివాటికి శాలువా కప్పుతారా, సర్టిఫికెట్ ఇస్తారా?

నీ మరదలు


మా ఇల్లు, వీధివైపు కిటికీ
జూన్ 17

మరదలు పిల్లకి (అరవై రెండేళ్ళొచ్చినా నాకు పిల్లవే),

విషయం: ఆడపడుచు గారి గొప్పలు.
సూచిక: తొమ్మిదో తేదీ ఉత్తరం.

గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా దిగిపోయినదాన్ని, ఇలా మొదలుపెట్టకపోతే నాకు చెయ్యి కదలదు. మీ అన్నయ్య కులాసాగానే ఉన్నారు. నువ్వు ఫోన్‌లో ఆయన్ని అన్న మాటలు ఆయనకి వినపడలేదట, కానీ తిట్టావని గొంతుని బట్టి తెలిసిందట.

ఇప్పుడు ఒక్క మాట. ఆ ఫారం పంపేశావా? పంపకపోతే ఆపు. కుట్టిన కాగితం విప్పేసి, పదకొండో ప్రశ్నకి "ఏమీ లేవు" అని రాసి పంపు. ఇంకో సంగతి, ప్రశ్నలో మాటలు సరిగ్గా నువ్వు రాసినవేనా? "స్వయంగా" అనే మాట ఫారంలో ఉందా, నువ్వు కలిపావా? చూసి రాయి.

కారణం అడక్కు. శాలువా మాత్రం కప్పరు.

మీ వదిన


లైబ్రరీ వెనక గది
జూలై 20

హెడ్ క్లర్కు వదినకి,

నీ ఉత్తరం చూసి నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఉత్తరంలో మాట్లాడకుండా ఉండటం ఎలాగో తెలియక మానుకున్నాను. ముప్ఫై ఒక్కమంది చెమటోడ్చి చేసే పనికి "ఏమీ లేవు" అని రాయమంటావా? నీకు కుళ్ళు అని మాస్టారితో కూడా అన్నాను. అయినా నీ ఉత్తరం వచ్చేసరికే ఫారం వెళ్ళిపోయింది. అవును, "స్వయంగా" ఫారంలోనే ఉంది. దానికింద గీత కూడా ఉంది. ఎందుకడిగావు?

పదో తేదీ వేసి ఉత్తర్వు వచ్చింది. మొదటి పేరాలో మమ్మల్ని ఆకాశానికెత్తేశారు. "ఆదర్శప్రాయమైన సేవ" అన్నారు. డ్రైవరు గారు ఆ మాట రెండుసార్లు చదివించుకున్నారు. రెండో పేరా నేను నెమ్మదిగా చదివాను. పనులన్నీ సభ్యులే చేసుకుంటున్నందున, పొదుపు చర్యల్లో భాగంగా, అటెండరు పోస్టు తీసేస్తున్నారట. ఆగస్టు ఒకటి నుంచి ఆయన రానక్కర్లేదట, తాళాలు మాకే ఇస్తారట. మూడో పేరా రెండే లైన్లు. మేం రాసిచ్చిన పనులు సరిగ్గా జరగడం లేదని తనిఖీలో తేలితే, భవనం మూసి వేరే అవసరానికి వాడుకుంటారట.

మావాళ్ళు మొదటి పేరా దగ్గరే ఆగిపోయారు. తాళాలు మన చేతికొస్తున్నాయని నర్సమ్మ చప్పట్లు కొట్టింది. నిశ్శబ్దం గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. నా మొహంలోకి ఒకసారి చూసి, వెళ్ళి స్టూలు మీద కూచున్నారు.

నీతో ఒక సంగతి చెబుతాను, ఎవరికీ తెలియనివ్వకు. మావాళ్ళతో ఆ జవాబు అరపేజీ రాశానని చెప్పాను. రాసింది రెండు పేజీలని నీకు తెలుసు. చేస్తున్నవే కాదు వదినా, చెయ్యగలం అనిపించినవన్నీ రాసేశాను. నీళ్ళ ట్యాంకు కడగడం దగ్గర్నుంచి చెదలు చూడటందాకా. పెన్ను ఆగలేదు. ఇదంతా మున్సిపాలిటీ నిర్వాకమని అందరూ అనుకుంటున్నారు. నేను కూడా వాళ్ళతో కలిసి మున్సిపాలిటీనే తిడుతున్నాను.

నీ మరదలు


మా ఇల్లు, అదే కిటికీ
జూలై 28

మరదలు పిల్లకి,

విషయం: జరిగిపోయిన దాని గురించి కాదు, జరగాల్సిన దాని గురించి.

కుళ్ళు అన్నావుగా, దాచుకున్నాను. పండక్కో పబ్బానికో తీసి వాడతాను.

ముందు ఏడవడం ఆపు. ఫారం వెళ్ళిపోయిందన్నావు, నకలు ఉందా? ఆఖరి పేజీ వెనక్కి తిప్పు. అడుగున, కళ్ళజోడుకి కూడా అందనంత సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఉత్తర్వు తేదీ నుంచి తొంభై రోజుల్లోగా సభ్యులు తమ జవాబులు సవరించుకోవచ్చు, సవరించిన జవాబు మీద అధికారి స్వయంగా వచ్చి చూసి మళ్ళీ నిర్ణయం తీసుకోవాలి. అది చట్టబద్ధమే. ఎవరూ చదవరు కాబట్టి ఎవరూ వాడరు.

అంటే నీకు అక్టోబర్ మొదటి వారందాకా టైముంది. అందాకా ఒక పని చెయ్యి. నిశ్శబ్దం గారు లేని రోజు నుంచి ఆ లైబ్రరీలో ఏమేం జరుగుతుందో నోటుబుక్కులో రాస్తూ పో. కావాలని ఏదీ పాడుచెయ్యొద్దు, ఏదీ దాచొద్దు. మీరు ఎలా చేస్తారో అలాగే చెయ్యండి.

మీ అన్నయ్య చెవిమిషను నాకు కొంటానని బజారుకెళ్ళి తనకి కొనుక్కొచ్చుకున్నారు. ఇప్పుడు నా మాటలన్నీ వినపడుతున్నాయి. దినదినగండంగా ఉంది.

మీ వదిన


లైబ్రరీ గుమ్మం (లోపల తడి ఉంది)
సెప్టెంబర్ 2

వదినా,

నోటుబుక్కు సగం అయిపోయింది. నవ్వకుండా చదువుతానని మాటిస్తేనే ముందుకెళ్ళు.

రెండో రోజే తాళం రాలేదు. పదిహేడు తాళంచెవులున్నాయి. డ్రైవరు గారు అన్నీ వరసగా పెట్టి చూసి, చివరికి భుజంతో తోశారు. తలుపు తెరుచుకుంది, గొళ్ళెం ఊడొచ్చింది. మేం ముప్ఫై ఒక్కమందిమీ లోపలికెళ్ళాక ఆ తలుపుకి తాళమే వెయ్యలేదని తెలిసింది. ముందురోజు సాయంత్రం వెయ్యడం ఎవరి వంతో తేలలేదు.

నర్సమ్మ ఆసుపత్రి అలవాటు కొద్దీ నేలంతా మందునీళ్ళు పోసి కడుగుతుంది. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో ఇన్నాళ్ళూ మేం ఆలోచించలేదు. కింది అరలోకి పోతున్నాయి. కింది అరలో ఉన్న వంటల పుస్తకాలన్నీ ఉబ్బాయి. ట్యాంకు నిండి పొంగి వాకిలి చెరువైంది, డ్రైవరు గారు మోటారు ఆపడం మర్చిపోయి లోపల కథ వింటున్నారు.

అన్నింటికంటే మాస్టారి సంగతి వినాలి. వారం గడిచేసరికి పుస్తకాలు కలగాపులగం కావడం ఆగిపోయింది. మాస్టారు సర్దింది సర్దినట్టే ఉంది. "చూశారా, జనానికి బుద్ధొచ్చింది" అని పొంగిపోయారు. అప్పుడు చూశాం, ఆయన ఎలా సర్దుతారో. ఎత్తుని బట్టి సర్దుతారు వదినా! పొట్టివి అటు, పొడుగువి ఇటు. చూడటానికి మెట్లు కట్టినట్టు ముచ్చటగా ఉంటుంది. కావలసిన పుస్తకం మాత్రం ఎవరికీ దొరకదు. ఒకావిడ ఏదో అడిగితే, "ఎంత పొడుగుంటుందో చెప్పండమ్మా" అన్నారు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మరి అంతకుముందు రోజూ వాటిని మార్చింది ఎవరు?

మర్నాడే నిశ్శబ్దం గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు గదులు. ఆయన వంటింట్లో నేలమీద కూచుని, పప్పుల డబ్బాలకి నంబర్లు రాసి అంటిస్తున్నారు. ఆయన భార్య నన్ను చూసి, "రండమ్మా, పని పోయిన దగ్గర్నుంచి ఇదే వరస. ఉప్పు కావాలంటే నూట ఇరవై రెండు అంటాడు" అంది.

ఆవిడే చెప్పింది. రోజూ మాకంటే గంట ముందు వెళ్ళేవారట, మేం వెళ్ళిపోయాక గంట ఉండేవారట. నేను ఊడ్చిందాన్ని మళ్ళీ ఊడ్చేవారు. నర్సమ్మ పోసిన నీళ్ళు తోడేవారు. మాస్టారి మెట్లన్నీ విప్పి, నంబర్ల ప్రకారం మళ్ళీ పెట్టేవారు. డ్రైవరు గారు బాగుచేసిన ఫ్యాను మళ్ళీ బాగుచేసేవారు.

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?" అని అడిగాను.

తలెత్తలేదు. "మీరు ఊడుస్తూ పాడుకునేవాళ్ళు కదమ్మా" అన్నారు. "మూలలు వదిలేస్తారు. మూలలేముంది, నేను చూసుకుంటాలే అనుకున్నా."

ఆయన ఉద్యోగం నేను రెండు పేజీల్లో తుడిచిపెట్టేశాను వదినా. అది కూడా ఆయన పనంతా నా పేరున రాసుకుని. ఇంటికొచ్చి ఏడ్చాను. మావాళ్ళకి ఇంకా చెప్పలేదు. చెబితే నా మొహం చూడరు, చెప్పకపోతే నా మొహం నేను చూసుకోలేను.

ఒకటి అడుగుతాను. మా మున్సిపాలిటీ ఫారం వెనకవైపు అడుగున ఏముందో, ఎన్నడూ చూడని నీకెలా తెలిసింది?

నీ మరదలు


మా ఇల్లు, లోపలి గది
సెప్టెంబర్ 10

అమ్మాయీ,

ఈసారి విషయం, సూచిక లేవు.

ఆ ప్రశ్న రాసింది నేనే.

పదకొండేళ్ళ క్రితం మా ఆఫీసుకి కొత్త అధికారి వచ్చాడు. మంచివాడే. ఊళ్ళో ఎవరెవరో లైబ్రరీల్లో, పార్కుల్లో ఊరికే పనిచేస్తున్నారు, వాళ్ళకి కృతజ్ఞతగా కార్డులు పంపుదాం, ఎవరేం చేస్తున్నారో తెలుసుకోవడానికి ఫారం తయారుచెయ్యండి అన్నాడు. పదకొండో ప్రశ్న నా సొంతం. "స్వయంగా" కింద గీత కూడా నేనే గీశాను, స్కేలు పెట్టి. బాగా కుదిరిందని మురిసిపోయాను.

కార్డులు అచ్చు వెయ్యలేదు. ఏడాది తిరక్కుండా ఆయన బదిలీ అయ్యాడు, పొదుపు మొదలైంది. తర్వాత వచ్చినాయన ఆ జవాబులన్నీ తెప్పించుకుని చదివాడు. మన వీధి వెనకున్న చదువుల గది నీకు గుర్తుందా? అక్కడ పదిమంది ముసలివాళ్ళు పొద్దున పేపరు చదువుకుని, తర్వాత పాటలు నేర్చుకునేవాళ్ళు. వాళ్ళు కూడా నీలాగే గర్వంగా రాశారు. అక్కడి అటెండరమ్మని తీసేస్తూ కాగితం టైపు చేసింది నేనే. ఆరు నెలలకి పైకప్పు కారింది, చెప్పేవాళ్ళు లేరు. మూసేశారు. ఫారం మాత్రం బాగుందని చుట్టుపక్కల ఊళ్ళన్నీ నకలు తీసుకున్నాయి. నేను చెయ్యగలిగింది ఒక్కటే చేశాను, మరుసటి ఏడు, ఆ నకళ్ళు బయటికి వెళ్ళేలోపే, వెనకవైపు ఆ తొంభై రోజుల వాక్యం ఇరికించాను. పెద్ద అక్షరాల్లో పెడితే కొట్టేసేవాళ్ళు.

అప్పట్నుంచి ఆ వీధిలో నడవను. మోకాలి నొప్పని మీ అన్నయ్యతో చుట్టుదారిన తీసుకెళ్ళమంటాను. తొమ్మిదేళ్ళుగా పాపం ఆయన నా మోకాలికి తైలం రాస్తున్నారు. నీ మొదటి ఉత్తరంలో ఆ ప్రశ్న చూడగానే గుర్తుపట్టాను. కారణం అడగొద్దన్నది సిగ్గుపడి.

ప్రశ్న నాది, జవాబు నీది. ఇద్దరం కలిసి ఒక మనిషిని ఇంటికి పంపాం. ఇప్పుడు ఇద్దరం కలిసే దిద్దుకుందాం. మీవాళ్ళందరికీ నిజం చెప్పు. తర్వాత సవరణ రాయండి. అబద్ధం వద్దు, పోట్లాట వద్దు. ఎవరికి ఏం చేతకాదో వాళ్ళ చేత్తో వాళ్ళే రాసి సంతకం పెట్టాలి. నా కాగితం కూడా దీనితో పంపుతున్నాను, ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో రాసి సంతకం చేశాను. దాన్ని పైన పెట్టు. కుట్టడం మాత్రం మిషను మీద వద్దు, పిన్ను చాలు.

మీ వదిన


లైబ్రరీ వెనక గది
అక్టోబర్ 12

వదినకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. నిన్ను తిట్టడానికి నేను కొంచెమైనా మంచిదాన్ని అయ్యుండాలి కదా.

మావాళ్ళని కూచోబెట్టి, రెండు పేజీల నకలు పైకి చదివాను. నిశ్శబ్దం గారింట్లో విన్నది కూడా చెప్పాను. ఆ గదిలో "నిశ్శబ్దం" బోర్డు మాట చెల్లుబాటైంది అదొక్క రోజే. చివరికి నర్సమ్మ లేచి, "రెండు పేజీలా? నా గురించి ఎన్ని లైన్లు రాశావ్?" అంది. ఐదు అన్నాను. "ఐదు లైన్ల గొప్పలు నేనూ చదివి ఊరుకునేదాన్నేలే" అని నా పక్కన కూచుంది.

సంతకాల దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. తప్పు చేశామని ఒప్పుకోవడానికి అందరూ సిద్ధమే, చేతకాదని ఒప్పుకోవడానికే ఎవరూ సిద్ధంగా లేరు. డ్రైవరు గారు, "మోటారు ఆపడం వచ్చు, గుర్తుండదు అని రాయండి" అని పట్టుబట్టారు. మాస్టారు మూడు రోజులు మూతి ముడుచుకున్నారు. ఎత్తుని బట్టి సర్దడం కూడా ఒక పద్ధతేనని వాదించారు. నాలుగో రోజు ఆయనకే ఒక పుస్తకం కావాల్సొచ్చింది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నందాకా వెతికి, వచ్చి నా దగ్గర పెన్ను లాక్కున్నారు. "నలభై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను, ఇది నా వంతు" అని, అందరికంటే పెద్ద అక్షరాలతో రాశారు. నేను "మూలలు ఊడవను, చెయ్యనివి చేసినట్టు రాశాను" అని రాసి సంతకం పెట్టాను. నీ కాగితం పైన పెట్టి, పిన్ను గుచ్చి, గడువుకి పది రోజుల ముందే పంపేశాం.

నిన్న తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన ముందు ఎవరూ ఏ పనీ చెయ్యకూడదని ఒట్లు వేసుకున్నాం. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే సంచి జిప్పు ఊడింది. కూచునేలోపు డ్రైవరు గారు దాన్ని బాగుచేసేశారు. చొక్కా గుండీ వేలాడుతుంటే నా చేతికి దురద పుట్టింది. నర్సమ్మ నా చెయ్యి పట్టుకునే ఉంది, అయినా ఎప్పుడు కుట్టేశానో నాకే తెలీదు.

"మీరేమో చేతకాదని రాశారు, ఇక్కడ చూస్తే అన్నీ చకచకా చేసేస్తున్నారు" అన్నాడాయన, అనుమానంగా.

"గుండీలు వచ్చండీ. లైబ్రరీ రాదు" అన్నారు మాస్టారు. "ఏదైనా పుస్తకం అడగండి."

ఆయనకి తేనెటీగలంటే ఇష్టమట. పుస్తకాల వివరాలుండే కార్డుల పెట్టెలో వాటి గురించిన పుస్తకం ఒకటి ఉన్నట్టు చూపిస్తోంది. ముప్ఫై ఒక్కమందిమీ వెతికాం. నలభై నిమిషాలు. దొరకలేదు. ఆయన అక్కడున్న బల్ల దగ్గర కూచుని ఏదో రాసుకున్నాడు. వెళ్తూ నీ కాగితం తీసి, "ఈవిడ ఎవరు?" అని అడిగాడు. మా వదిన అన్నాను. "మేం రోజూ వాడే ఫారమండీ ఇది. ఎవరో మనిషి రాశారని ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు.

ఏమవుతుందో తెలీదు. మూసేస్తారేమోనని భయంగానే ఉంది. అయినా వారం నుంచి హాయిగా నిద్రపడుతోంది.

నీ మరదలు


లైబ్రరీ మెట్లు
నవంబర్ 18

వదినా!

మెట్ల మీద కూచుని రాస్తున్నాను, ఎందుకో చెబుతాను. ఉత్తర్వు వచ్చింది. భవనం మూయరు. అటెండరు పోస్టు తిరిగి ఇచ్చారు. అయితే వారానికి నాలుగు రోజులే. మిగిలిన రెండు రోజులు తలుపులు తెరవరు. ఆ రెండింటి కోసం మళ్ళీ అర్జీ పెట్టాలి, పెడతాం. ఈ రోజు మూసిన రోజు. మిషను నిన్ననే బయటికి తెచ్చుకుని, ఇవాళ మెట్ల మీద పెట్టాం. దారినపోయేవాళ్ళు చూసి చిరిగినవన్నీ తెస్తున్నారు, కొత్తగా ముగ్గురు చేరారు కూడా.

నిశ్శబ్దం గారు సోమవారం వచ్చారు. మేమంతా ముందే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాం. ఆయన లోపలికొచ్చి మాస్టారి పుస్తకాల మెట్లవైపు చాలాసేపు చూశారు. మాస్టారు పైకప్పువైపు చూశారు. తర్వాత నిశ్శబ్దం గారు వంగి, బల్ల కాలు కిందనుంచి ఒక పుస్తకం లాగారు. బల్ల ఊగుతోందని డ్రైవరు గారు ఎప్పుడో పెట్టిన పుస్తకం. తేనెటీగలు! ఆ అధికారి దానిమీదే నిలబడ్డ బల్ల మీద రిపోర్టు రాసుకుపోయాడు వదినా!

చీపురు మూలనుంది. అలవాటు కొద్దీ చెయ్యి చాపాను, ఆయన కూడా చాపారు. నేను గబుక్కున వెనక్కి తీసుకున్నాను, సిగ్గేసి. ఆయన చీపురు తీసుకుని నా చేతికే ఇచ్చారు.

"మీరు ముందు ఊడవండమ్మా. నేను తర్వాత ఊడుస్తా" అన్నారు.

అందరి ముందూ, పైకే అన్నారు. నేను ఊడ్చాను. పాడలేకపోయాను గానీ ఊడ్చాను. నా వెనకే ఆయన మూలలు ఊడ్చుకుంటూ వచ్చారు.

నీ కాగితం నకలు బోర్డు పక్కన అంటించాం. వచ్చినవాళ్ళందరూ చదివి, మీ వదిన గట్టిమనిషి అంటున్నారు. నేను కాదనలేదు, ఎప్పుడో ఒకసారి నీకూ చిన్న సంతోషం ఉండాలి కదా. నీ మోకాలు ఎలా ఉంది?

నీ మరదలు


మా వెనకవీధి, మూసి ఉన్న గది అరుగు
నవంబర్ 27

మరదలు పిల్లకి,

విషయం: మోకాలు.
సూచిక: నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం, చివరి వాక్యం.

మోకాలు బాగుంది. పొద్దున మీ అన్నయ్య చుట్టుదారి పట్టబోతే, ఇటు పోదాం అన్నాను. చెవిమిషను సరిచేసుకుని మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. దారిపొడుగునా అంతా చెప్పాను. విని, "మరి తొమ్మిదేళ్ళ తైలం?" అన్నారు.

తాళం తుప్పుపట్టింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాకబు చేస్తే ఆనాటి అటెండరమ్మ దగ్గరే ఉందని తెలిసింది. ఎవరూ అడగలేదట, ఆవిడ పారేయలేదట. ఇందాకే వెళ్ళి కలిశాను. ఆ కాగితం టైపు చేసింది నేనేనని ముందు అదే చెప్పాను. ఆవిడ నన్ను గుమ్మంలోనే చాలాసేపు నిలబెట్టింది. తర్వాత మంచినీళ్ళిచ్చింది. పాటలు పాడినవాళ్ళలో ఆరుగురు ఇంకా ఉన్నారట, ఇళ్ళు చూపిస్తానంది.

ఈ అరుగు మీదే కూచుని గది తెరవమని అర్జీ రాశాను. ఫారం లేదు, ప్రశ్నలు లేవు. మొదటి లైను చదువుతాను, తప్పుంటే దిద్దు:

"మాకు పాడటం వచ్చు, చదవడం వచ్చు. ఊడవడం, తాళం వెయ్యడం, పైకప్పు చూసుకోవడం రాదు. అవి వచ్చిన మనిషి మా ఊళ్ళోనే ఉన్నారు. ముందు ఆవిడని పిలవండి."

మీ వదిన